తలుపు చప్పుడుకి దూకిన బండి

మా బాబాయిని అందరూ ఉరుము అంటారు. ఎదురుగా ఉరుమన్నా అంటారు, చాటున ఒట్టి ఉరుము. ఆయన పని ఆటోమేటిక్ గేర్‌బాక్సులు బాగుచేయడం. క్లచ్ పెడల్ లేని పాత కార్లు ఎక్కడెక్కడి నుంచో మా షెడ్డుకు వస్తాయి. తాడు కట్టి లాక్కొచ్చినవాడిని బాబాయి ముందు తిడతాడు, తర్వాతే బండి చూస్తాడు. ఇంజిన్ ఆపేసి లాగితే గేర్‌బాక్సులో నూనె తిరగక లోపలి ఇనుప ప్లేట్లు కాలిపోతాయట. నాన్న పోయాక ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయి నేనూ ఇక్కడికే వచ్చాను. షెడ్డు వెనకవైపు పంపు దగ్గర కిరోసిన్ ట్రేలో ప్లేట్లు, స్ప్రింగులు కడుగుతాను. అక్కడి నుంచి అంతా కనిపిస్తుంది.

బాబాయి ముందు పళ్లలో ఒకటి లేదు. బిగించిన స్ప్రింగు ఒకసారి చేతిలోంచి జారి ఎగిరి వచ్చి దాన్ని పట్టుకుపోయింది. రక్తం ఉమ్మి, ఆ స్ప్రింగును వెతికి పట్టుకుని, సుత్తితో చితక్కొట్టి, అప్పుడు గాని నోరు కడుక్కోలేదు. షెడ్డు గోడ నిండా ఆయన విసిరిన స్పానర్ల గుంటలు ఉన్నాయి. పిన్ని ఆయన్ని ఆపదు. "పద్నాలుగో నంబరు మాత్రం విసరకండి, అది ఒక్కటే ఉంది" అంటుంది.

బండి ముందు కూర్చుంటే మాత్రం వేరే మనిషి. నూనె పుల్ల తీసి, తెల్ల గుడ్డకు తుడిచి, ఎర్రగా ఉందో గోధుమ రంగుకు తిరిగిందో చూసి, ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. కాలిన వాసన వస్తే ముఖం ఒక్కసారి ముడుచుకుంటుంది. బ్రేకు గట్టిగా తొక్కి, లివరు రివర్స్‌లోకి జరిపి, గేరు పడినట్టు బాక్సు ఎంతసేపటికి తన్నుతుందో ఊపిరి బిగబట్టి చూస్తాడు. వెంటనే తన్నితే మంచిది. కాస్త ఆలోచించి తన్నితే లోపల సీళ్లు గట్టిపడిపోయినట్టు. తర్వాత బ్రేకు వదలకుండానే యాక్సిలరేటర్ అదుముతాడు. బండి కట్టేసిన ఎద్దులా వణుకుతుంది, చక్రాలు కదలవు. షెడ్డు రేకులు దడదడలాడతాయి. ఆ చప్పుడులో పొడుగాటి స్క్రూడ్రైవర్ ఒక కొన బాక్సు మీద, ఇంకో కొన చెవి వెనక ఎముక మీద ఆనించి వింటాడు. బండి చెప్పేదంతా వినేదాకా ఒక్క బోల్టు విప్పడు. మనుషులు చెప్పేదానిలో సగం కూడా వినడు.

పక్క షెడ్డు అన్నదమ్ములది. అన్న డెంటరు, సొట్టలు తీస్తాడు. తమ్ముడు పెయింటరు. మా రెండు షెడ్లకూ ముందు ఉన్న ఖాళీ జాగా ఒకటే, దాని చివర ఇటుకల గోడ. ఆ గోడకు కారు తలుపులు ఆనించి పెయింటరు రంగు కొడుతుంటాడు.

పిన్ని తమ్ముడు, అంటే మా మామయ్య, ఒక పాత ఆటోమేటిక్ కారును బాడుగకు తిప్పుతాడు. ఆ కారంటే ఆయనకు ప్రాణం. ఒకరోజు సాయంత్రం కారు కడిగి తుడుచుకుంటుంటే పెయింటరు కొట్టిన రంగు గాలికి కొట్టుకొచ్చి అద్దమంతా పొగమంచులా పడింది.

"నీ కళ్లు నెత్తికెక్కాయారా? ఇంకా చేతి తడి ఆరలేదు!" అని మామయ్య అరిచాడు.

"గాలికి చెప్పు పోయి. నా మాట అది వినదు."

"దానికెందుకు, నీకే చెబుతా."

మాటా మాటా పెరిగి కలబడ్డారు. పెయింటరు స్ప్రే గన్నుతో మామయ్య చెంప మీద కొట్టాడు. మామయ్య అతని తలను రంగు డబ్బాలోకి వంచాడు. డెంటరూ బాబాయీ వచ్చి చెరొకరిని లాగారు. వెళ్తూ వెళ్తూ మామయ్య వేలు చూపించాడు.

"నిన్ను ఆ గోడకే పోస్టరులా అంటించకపోతే నన్ను మనిషి అనకు!"

జాగాలో ఉన్నవాళ్లందరూ విన్నారు. కొందరు నవ్వారు కూడా.

మర్నాడు పొద్దున్నే నేను లోపల స్టవ్ మీంచి వేణ్నీళ్లు దించుతున్నాను. కారు తలుపు దభాలున వేసిన చప్పుడు, వెంటనే ఇంజిన్ రొద, ఆ తర్వాత ఇటుకలు రాలిన శబ్దం. పరుగెత్తుకు వచ్చేసరికి మామయ్య కారు వెనక బంపరు గోడను ఆనుకుని ఉంది. మధ్యలో పెయింటరు. అతను అరవడం లేదు. నోరు తెరిచే ఉంది, గొంతు రావడం లేదు. చేతిలో ఇసుక కాగితం ఇంకా అలాగే ఉంది. కారులో, స్టీరింగ్ ముందు మామయ్య కూర్చుని ఉన్నాడు.

కారు ముందుకు కదలగానే పెయింటరు గోడ వెంట కిందికి జారిపోయాడు. మోకాలి దగ్గర ప్యాంటు చదునుగా ఉంది, లోపల ఏమీ లేనట్టు. డెంటరు తమ్ముడిని ఎత్తుకుని, ఎవరిదో వ్యాన్‌లో వేసుకుని వెళ్లాడు. వెళ్తూ మామయ్య వైపు ఒక్కసారి చూశాడు.

"బావా, నేను దిగిపోయాను. లివరు పార్కులో పెట్టే దిగాను, ఇంజిన్ మాత్రం ఆపలేదు. తలుపు వేశాను, అది దానంతటదే పోయింది. ముందుకు తీద్దామని మళ్లీ ఎక్కాను" అన్నాడు మామయ్య.

బాబాయి చేతికి దొరికింది పాత ఫ్యాన్ బెల్టు. మొదటి దెబ్బ మెడ మీద పడింది. మామయ్య తిరగబడలేదు. చేతులు అడ్డం పెట్టుకుని "నీకు ముందే చెప్పాను బావా, లివరు..." అనబోయాడు. రెండో దెబ్బ నోటి మీద పడింది. పిన్ని అడ్డం వెళ్తే ఆమెను పక్కకు నెట్టేశాడు.

"పోస్టరు అంటిస్తానన్నావు కదరా! అంటించావు కదా! ఇంకేం మాటలు?"

కొడుతూనే సామాన్ల గదిలోకి తోశాడు. మామయ్య చట్రం పట్టుకున్నాడు. బాబాయి ఇనుప తలుపును రెండు చేతులతో ఈడ్చి మూశాడు. వేళ్లు లోపలికి పోలేదు, తలుపుకూ చట్రానికీ మధ్య నలిగాయి. ఆ చప్పుడు, భయపడి పంపు దగ్గరికి పోయిన నాకు కూడా వినిపించింది. మళ్లీ తెరిచి, వేళ్లను లోపలికి తోసి, మూసి, తాళం వేశాడు.

మధ్యాహ్నానికి డెంటరు తిరిగి వచ్చాడు, వెంట అతని తోడల్లుడు. డెంటరు చొక్కా మీద రక్తం ఆరిపోయి అట్ట కట్టింది.

"మోకాలు పిండి అయిపోయింది. సాయంత్రం తీసేస్తారంట" అన్నాడు.

బాబాయి సామాన్ల గది తాళం వైపు చూశాడు.

"పోలీసుల దగ్గరికి పోను ఉరుమన్నా. పోతే వాళ్లు వాణ్ని తీసుకుపోతారు. నాకు వాడు కావాలి. మా వాడిది ఒక కాలు పోయింది, వాడివి రెండూ తీస్తాను. ఆపరేషన్ అయ్యాక వస్తా. ఆ తాళం నువ్వే తీయాలి, నీ చేత్తో."

"తీస్తాను" అన్నాడు బాబాయి.

వాళ్లు వెళ్లాక పిన్ని ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. చీర కొంగు మీద తమ్ముడి రక్తం ఉంది.

"వాడు దిగానంటున్నాడు."

"దిగినవాడు లోపలెందుకు ఉన్నాడే?"

"చెప్పాడు కదా, ముందుకు తీయడానికి ఎక్కానని."

"పార్కులో పెట్టిన బండి కదలదు. లోపల పళ్ల చక్రంలో కొక్కెం పడుతుంది. కొండ మీద పెట్టినా కదలదు. నాకు చెప్పకు."

"ఊళ్లోవాళ్ల బండి ఏది వచ్చినా పూర్తిగా విని గాని విప్పరు. నా తమ్ముణ్ని మాత్రం వినకుండానే విప్పేశారు. ఇప్పుడు కాళ్లు కూడా తీయిస్తారు. తీయించండి. ముందు ఆ బండినైనా చూసి తీయించండి."

బాబాయి స్పానర్ ఎత్తాడు. విసురుతాడనుకుని నేను తల వంచాను. విసరలేదు. కారును తోయించి, బండి అడుగు చూడటానికి షెడ్డులో తవ్విన గొయ్యి మీద నిలబెట్టి, కిందికి దిగాడు.

కాసేపు స్పానర్ తిరిగిన చప్పుడు వినిపించింది. తర్వాత పైకి వచ్చి వరసగా అన్నీ చూశాడు. నూనె ఎర్రగా, శుభ్రంగా ఉంది. రివర్స్ వెంటనే తన్నింది, డ్రైవ్ వెంటనే తన్నింది. గేజి పెట్టి నూనె ఒత్తిడి చూశాడు, ఉండాల్సినంతే ఉంది. గేర్‌బాక్సు అడుగునున్న నూనె తట్ట విప్పి, అందులోని అయస్కాంతానికి పట్టిన ఇనుప పొడిని వేళ్ల మధ్య నలిపి చూసి, మళ్లీ బిగించాడు. లివరును పార్కులో పెట్టి, ఇంజిన్ నడుస్తుండగా తలుపు వేశాడు. మళ్లీ వేశాడు. బంపరు ఎక్కి గెంతాడు. నలుగురిని పిలిచి తోయించాడు. బండి రాయిలా నిలబడింది.

"బండిలో ఏం లేదు" అన్నాడు.

పిన్ని ఉన్నచోటే నేల మీద కూర్చుంది. గదిలోంచి మామయ్య మూలుగు వినిపిస్తోంది. బాబాయి పంపు దగ్గరికి వచ్చి నా ముందు చేతులు చాచాడు. నేను నీళ్లు పోశాను. నుదుటి మీద నల్లగా ఏదో అతుక్కుని ఉంది.

"బాబాయ్, నుదుటి మీద నల్లగా ఏంటి?"

చేత్తో తీసి చూశాడు. రంగు పెచ్చు. గోరంత ఉంది. దాని వెనక మర గీతలు అచ్చు పడి ఉన్నాయి. ఆయన దాన్ని వెలుతురులో తిప్పి చూస్తూ అలాగే నిలబడ్డాడు. నేను పోసే నీళ్లు నేల మీద పడుతున్నాయి. ఆపమని కూడా అనలేదు. లైటు పట్టుకుని మళ్లీ గొయ్యిలోకి దిగాడు.

నేను కూడా వెళ్లి పక్క నుంచి తొంగి చూశాను. లివరు నుంచి గేర్‌బాక్సుకు ఒక సన్నటి రాడ్డు వెళ్తుంది. దాని చివర మర, మర మీద నట్టు. పైన లివరు చూపించే గుర్తూ, కింద బాక్సులో పడే గేరూ ఒకటే కావాలంటే ఆ నట్టు సరైన చోట ఉండాలి. లేకపోతే లివరు పార్కులో ఉన్నా బాక్సు పార్కుకూ రివర్స్‌కూ మధ్య వేలాడుతుంది, ఒక్క కుదుపుకు రివర్స్‌లో పడిపోతుంది. నట్టుకు ఇటు పక్క మర మీద నల్ల రంగు ఉంది. నల్ల రంగుకూ నట్టుకూ మధ్య మాత్రం రెండు చుట్ల మేర ఇనుము తెల్లగా మెరుస్తోంది.

"నేనే బిగించాను" అన్నాడు బాబాయి. నాతో అన్నట్టు లేదు.

ఏ బండి వచ్చినా ఆయన మొదట చేసేది అదే. గుర్తు సరిగ్గా లేకుండా పరీక్ష చేస్తే పరీక్షే తప్పు అంటాడు. అందుకే గొయ్యిలోకి దిగగానే, ఏమీ ఆలోచించకముందే, ఆయన చెయ్యి వెళ్లి ఆ నట్టును బిగించేసింది. ఇన్నేళ్లుగా అలవాటైన చెయ్యి. దేని కోసం దిగాడో దాన్ని ముందే చెరిపేసి, ఆ తర్వాత సాయంత్రం దాకా వెతికాడు.

లైటు రాడ్డు మీది చిన్న రబ్బరు బుష్ మీద పెట్టాడు. రాడ్డు ఊగకుండా పట్టి ఉంచాల్సిన ఆ బుష్ అరిగి పొడిపొడిగా రాలుతోంది. ఆయన గొయ్యిలో అలాగే చతికిలబడ్డాడు. డెంటరు వచ్చేదాకా పైకి రాలేదు.

డెంటరు పెద్ద సుత్తితో వచ్చాడు. తోడల్లుడి చేతిలో ఇనుప రాడ్డు ఉంది.

"తీసేశారు. తాళం" అన్నాడు డెంటరు.

"ముందు ఇటు దిగు" అన్నాడు బాబాయి గొయ్యిలోంచి.

"నీ పాఠాలు వినడానికి రాలేదు."

"నీ తమ్ముడు కొట్టిన రంగు చూద్దువుగాని, దిగు."

ఆ మాటకు దిగాడు. ఈ బండికి కిందటేడు అడుగున తుప్పు పట్టకుండా నల్ల రంగు కొట్టింది పెయింటరే. నట్టు మీద, రాడ్డు మీద, మర మీద, ఎక్కడ పడితే అక్కడ కొట్టేశాడు. డెంటరు గోరుతో గీకాడు. వాసన చూశాడు.

"మావాడిదే" అన్నాడు.

"ఈ రంగు అంచు దాకా ఉండేది నట్టు. పొద్దున అది అక్కడే ఉంది. ఇందాక నేను రెండు చుట్లు బిగించాను. ఇప్పుడు వెనక్కి తిప్పుతా. సరిగ్గా రంగు అంచుకు వచ్చాక ఆగమను."

"నువ్వే వదులు చేసి నువ్వే చూపిస్తావా? బావమరిది కోసం బాగానే నేర్చావన్నా!" అని పైనుంచి తోడల్లుడు నవ్వాడు.

డెంటరు నవ్వలేదు. లైటు తనే పట్టుకుని, ముఖం దగ్గరగా పెట్టి, నట్టు తిరుగుతుంటే చూశాడు. "ఆగు" అన్నాడు. విరిగిన రంగు అంచూ నట్టు అంచూ పగిలిన పెంకు ముక్కల్లా అతికాయి.

కారును బయటికి తోశారు. గోడకు అదే దూరంలో నిలబెట్టి, వెనక పాత టైర్లు పేర్చారు. డెంటరే ఎక్కాడు. చల్లబడిన ఇంజిన్ గట్టిగా అరుస్తూ మొదలైంది. లివరు పార్కులో పెట్టాడు. దిగాడు. తలుపు వేశాడు.

ఏమీ కాలేదు.

"చూశావా?" అన్నాడు తోడల్లుడు, గది వైపు నడుస్తూ.

డెంటరు తలుపు తెరిచి ఈసారి కసిగా వేశాడు, ఆ రోజంతా లోపల దాచుకున్నదంతా ఆ తలుపు మీదే పెట్టి. కింద ఎక్కడో చిన్నగా టక్కుమంది. లివరు పార్కులోనే ఉంది. కారు వెనక్కి దూకింది. టైర్లను నలిపి, గోడను గుద్దుకుని, ఇంకా లోపలికి పోవాలన్నట్టు చక్రాలు తిరుగుతూ పొగ లేచింది. ఒక టైరు పక్కకు ఎగిరి తోడల్లుడి కాళ్ల ముందు పడి దొర్లింది. అతను రాడ్డు వదిలేసి గోడెక్కినంత పని చేశాడు.

బాబాయి పరుగెత్తుకెళ్లి కిటికీలోంచి తాళం తిప్పి ఇంజిన్ ఆపాడు.  డెంటరు పక్కన పెట్టిన సుత్తిని మళ్లీ అందుకున్నాడు. 

"వాడు కాదు. అయితే మరి నేను ఎవర్ని కొట్టాలి?" అన్నాడు.

నిజంగానే అడిగాడు. కోపంగా కూడా లేదు గొంతు. బాబాయి ఊరుకుంటే సరిపోయేది. పాత బండి, అరిగిన బుష్, ఎవరి తప్పూ కాదు అంటే ఆ సాయంత్రం అక్కడితో అయిపోయేది. పిన్ని ఆయన వైపు చూసి తల అడ్డంగా ఊపింది. అంటే ఆమెకూ తెలుసు.

"నన్ను" అన్నాడు బాబాయి.

"ఏంటి?"

"లివరు వదులుగా ఉంది, పార్కులో టక్కున పడట్లేదు, ఒకసారి చూడు బావా అని వాడు నన్ను ఎన్నిసార్లు అడిగాడో. నేను గేర్‌బాక్సు మనిషిని, లివర్లు ఊగడానికి ఇక్కడ ఉయ్యాలలు కట్టలేదు పో అన్నాను. అందరి ముందు అన్నాను. చూసుంటే ఆ బుష్ మార్చడం ఎంతసేపు?"

డెంటరు సుత్తి ఎత్తాడు. బాబాయి కదలలేదు, చెయ్యి కూడా అడ్డం పెట్టలేదు. సుత్తి కుడి భుజం మీద, మెడ పక్క ఎముక మీద పడింది. ఎండిన కట్టె విరిగినట్టు చప్పుడైంది. ఆయన మోకాళ్ల మీద కూలిపోయాడు. డెంటరు రెండోసారి ఎత్తాడు. పిన్ని అప్పటికే గది తాళం తీసేసింది. మామయ్య బయటికి దూసుకొచ్చి, వేళ్లు వాచిపోయిన చేతులతోనే డెంటరు నడుమును చుట్టేసి వెనక్కి లాగాడు. ఇద్దరూ టైర్ల మీద పడ్డారు.

"ఒక్కటి చాలు! ఒక్కటి చాలన్నా! ఇంకోటి పడితే చస్తాడు!" అని అరుస్తున్నాడు మామయ్య.

డెంటరు పడినచోటే ఉండిపోయాడు. సుత్తి దొర్లిపోయింది. కాసేపటికి అతనే లేచి, బాబాయి ముందు కూర్చుని, "చెయ్యి ఎత్తగలవా?" అని అడిగాడు.

"లేదు."

"సరే, పద."

పొద్దున తమ్ముడిని తీసుకెళ్లిన ఆసుపత్రికే బాబాయినీ, మామయ్యనూ అతనే తీసుకెళ్లాడు. దారిలో మామయ్య తన చేతులను ఒళ్లో పెట్టుకుని కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు. బాబాయి రెండుసార్లు "ఒరేయ్" అన్నాడు. మామయ్య పలకలేదు. తర్వాత కూడా చాలా రోజులు పలకలేదు. రెండు వేళ్లు ఆయనకు ఇప్పటికీ ముడుచుకోవు.

అక్కడ బాబాయికి కట్టు కట్టి, పెయింటరు ఉన్న వార్డులోనే పక్క మంచం ఇచ్చారు. మర్నాడు అతనికి మెలకువ వచ్చేసరికి నేనూ పిన్నీ అక్కడే ఉన్నాం. దుప్పటి కింద ఒక కాలు ఉన్న చోట ఎత్తుగా, ఇంకో కాలు ఉండాల్సిన చోట చదునుగా ఉంది. అతను ముందు దాన్ని చూసుకున్నాడు. తర్వాత పక్కకు తిరిగాడు.

"ఉరుమన్నా, నిన్నెవరు కొట్టారు?"

"మీ అన్న."

"ఎందుకు?"

బాబాయి చెప్పాడు. లివరు సంగతి, మామయ్య అడిగిన సంగతి, తను అన్న మాట, ఏదీ దాచలేదు. ఎప్పుడూ ఉరిమే మనిషి, నర్సుకు కూడా వినపడనంత మెల్లగా చెప్పాడు. పెయింటరు చివరిదాకా విన్నాడు. విన్నాక మంచం పక్క స్టూలు మీదున్న స్టీలు గ్లాసు తీసి బలంకొద్దీ విసిరాడు. నీళ్లు నా మీద పడ్డాయి. గ్లాసు బాబాయి కనుబొమ మీద తగిలి, అక్కడ చీలి రక్తం కారింది.

నర్సు పరుగెత్తుకొచ్చింది. "ఇది ఆసుపత్రా, రౌడీల అడ్డానా?" అని ఇద్దరినీ తిట్టింది.

బాబాయి ఎడమ చేత్తో మంచం పట్టుకుని లేచాడు. గ్లాసు వెతికి, కుండలోంచి నీళ్లు ముంచి, పెయింటరు స్టూలు మీద పెట్టాడు. నర్సు దాన్ని తీసి దూరంగా కిటికీలో పెట్టి వెళ్లింది. ఆమె అటు వెళ్లగానే బాబాయి మళ్లీ లేచి, గ్లాసు తెచ్చి, అతని చేతికి అందేలా దగ్గరికి జరిపాడు.

"గురి బాగానే ఉందిరా" అన్నాడు, కన్ను తుడుచుకుంటూ.

"దగ్గరికి రా, ఇంకా బాగుంటుంది" అన్నాడు పెయింటరు.